కుంచె వదిలి గజ్జె కట్టిన ఉదయ్‌శంకర్

భారతదేశంలో ఆధునిక నృత్యానికి ఆద్యుడిగా పేరొందిన ఉదయ్‌శంకర్ చిన్ననాట ఏ గురువు వద్దా శాస్త్రీయ నృత్యం అభ్యసించలేదు. చిత్రకారుడు కావాలన్నదే ఆయన సంకల్పం. డిసెంబరు 8 ఆయన జయంతి.

1900లో రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. తండ్రి శ్యామ్‌శంకర్ ఝాలావాడ్ సంస్థానంలో ఉద్యోగి. ఉదయ్‌శంకర్ బాల్యం చాలావరకు గాజీపూర్ సమీపంలోని నస్రత్‌పూర్‌లో మేనమామల ఇంట గడిచింది. అక్కడ మాతాదీన్ అనే దళిత కళాకారుడి ఆట ఆయన మనసుపై చెరగని ముద్ర వేసింది. పెద్ద ఆస్థానాల్లోని నృత్యం కాక, పల్లె వీధిలోని ఆటే తొలి పాఠం కావడం గమనార్హం.

బొంబాయి జేజే కళాశాలలో చిత్రలేఖనం నేర్చి, 1920లో లండన్‌లోని రాయల్ కళాశాలలో చేరారు. అప్పట్లో ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా దృష్టిలో పడటంతో జీవితం మలుపు తిరిగింది. 1923లో ఆమె కోసం ఆయన రూపొందించిన రాధాకృష్ణుల నృత్యంలో పావ్లోవా రాధగా, తాను కృష్ణుడిగా ఆడారు. ఆమె బృందాన్ని వీడాక పారిస్‌లో పూట గడవడమే కష్టమై చిన్నచిన్న విడిది వినోదశాలల్లో ప్రదర్శనలిచ్చారు.

1930లో స్విస్ శిల్పి ఆలిస్ బోనర్‌తో కలిసి స్వదేశంలో పర్యటించి ఆలయ శిల్పాలను, అజంతా చిత్రాలను, కథాకళిని పరిశీలించారు. రాతిలో నిలిచిపోయిన భంగిమకు చలనం ఇస్తే ఎలా ఉంటుందో చిత్రకారుడి కంటితో ఊహించారు. 1931 మార్చి 3న పారిస్‌లో సొంత బృందంతో తొలి ప్రదర్శన ఇచ్చారు. ఆ బృందంలోని బాలుడే తర్వాతి కాలంలో సితార్ విద్వాంసుడిగా విఖ్యాతుడైన తమ్ముడు రవిశంకర్. ఐరోపా, అమెరికాలు బ్రహ్మరథం పట్టినా, శాస్త్రానికి కట్టుబడని నృత్యమని స్వదేశంలో పలువురు పెదవి విరిచారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆయన శాస్త్రాన్ని తృణీకరించలేదు. కథాకళి ఆచార్యుడు శంకరన్ నంబూద్రిని గురువుగా స్వీకరించారు.

అల్మోరాలో కళాకేంద్రం

విదేశీ మిత్రుల ఆర్థిక సాయంతో 1939లో హిమాలయ సానువుల్లోని అల్మోరాలో కళాకేంద్రం స్థాపించారు. కథాకళికి నంబూద్రి, భరతనాట్యానికి కందప్ప పిళ్లై, మణిపురికి అమోబీ సింగ్, సంగీతానికి అల్లావుద్దీన్ ఖాన్. ఇంతటి ఆచార్యులు ఒకేచోట కొలువుదీరడం నాటికి అపురూపం. గురుదత్, శాంతిబర్ధన్, నరేంద్రశర్మ వంటివారు ఇక్కడ శిక్షణ పొందారు. జోహ్రా సెహగల్ బోధించారు. యంత్రాల నడుమ నలిగే కార్మికుడు కూడా ఆయన నృత్యానికి వస్తువయ్యాడు. దేవతల కథలకే అలవాటుపడిన ప్రేక్షకులకు అది కొత్త. యుద్ధకాలంలో నిధులు అడుగంటి, 1944లో కేంద్రం మూతపడింది.

మూసిన కేంద్రాన్ని తెరపై నిలపాలనుకున్నారేమో, మద్రాసు జెమినీ స్టూడియోలో ఏళ్ల తరబడి శ్రమించి ‘కల్పన’ తీశారు. భార్య అమలాశంకర్ నాయిక. తర్వాత తెలుగువారికీ అభిమాన నటిగా మారిన పద్మిని చిన్న వయసులో ఇందులో నర్తించారు. హిమాలయాల్లో కళాకేంద్రం కట్టాలని తపించే నర్తకుడి గాథ అది. ఆ కథను విన్న నిర్మాత తిరస్కరించడం సినిమాలోనే ఉంది. 1948లో విడుదలైన చిత్రం డబ్బు తేలేదు. అదే 2012లో పునరుద్ధరణ పొంది కాన్ ఉత్సవంలో ప్రదర్శితమైంది. చూసేందుకు ఆయన లేరు.

కలకత్తాలో స్థిరపడ్డాక కూడా ప్రయోగాలు మానలేదు. రంగస్థలాన్నీ సినిమానూ మేళవిస్తూ 1970లో ‘శంకర్‌స్కోప్’ ప్రదర్శించారు. 1971లో పద్మవిభూషణ్ వరించింది. 1977 సెప్టెంబరు 26న కలకత్తాలో కన్నుమూశారు. కుమారుడు ఆనంద్‌శంకర్ సంగీతంలో, కుమార్తె మమతాశంకర్ నృత్యంలో, నటనలో పేరు తెచ్చుకున్నారు. అమలాశంకర్ 2020లో తన 101వ ఏట మరణించారు.