మాటల గురువు - గ్రాహం బెల్

టెలిఫోనును కనిపెట్టినవాడుగా అలెగ్జాండర్ గ్రాహం బెల్ లోకమునకు సుపరిచితుడు. కాని తాను బధిరులకు బోధించు ఉపాధ్యాయుడనని చెప్పుకొనుటయే అతనికి ఎక్కువ ప్రియము. వినలేని బిడ్డకు మాట నేర్పుట యెట్లు? ఈ ప్రశ్న అతనిని బాల్యమునుండి వార్ధకమువరకు విడువలేదు. అది అతనికి మొదట ఎదురైన చోటు పాఠశాల కాదు, తన యిల్లే.

బెల్ 1847 వ సంవత్సరము మార్చి 3 వ తేదీన స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున జన్మించెను. అతని తాతయు తండ్రియు వాగ్విద్యను బోధించి జీవించినవారు. తాత లండను నగరమున నత్తి మొదలగు దోషములు గలవారి ఉచ్చారణను సరిదిద్దుచుండెను. తండ్రి మెల్విల్ బెల్ ఆ విద్యను శాస్త్రముగా తీర్చిదిద్దినవాడు. ఇట్టి వాగ్విశారదుల యింట గృహిణియైన ఎలీజాకు మాత్రము వినికిడి మిక్కిలి తక్కువ. అయినను ఆమె పియానో వాయించుటలో నేర్పరి. సంగీతమునందు కుమారునకు గల మక్కువ ఆమెనుండి వచ్చినదే.

ఇరుగుపొరుగువారు ఆమెతో మాటలాడవలసినప్పుడు ఆమె చెవియొద్ద నుంచుకొనిన గొట్టములో గట్టిగా కేకలు వేయుచుండిరి. బాలుడైన బెల్ ఆ మార్గమును విడిచి తల్లి నుదుటికి సమీపమున మోమునుంచి, గంభీరమైన మంద్రస్వరముతో మెల్లగా పలుకుచుండెను. ఆ ధ్వని కంపములను ఆమె గ్రహింపగలిగెడిది. నలుగురు కూడినప్పుడు తల్లి ప్రక్కన కూర్చుండి, అక్కడ నడచు సంభాషణను వ్రేళ్ల గుర్తులతో అక్షరమక్షరముగా ఆమెకు అందించుచుండెను. ఇతరులు నవ్వినప్పుడు తన తల్లి యొక్కతెయే కారణము తెలియక చూచుచుండుట అతడు సహింపలేకపోయెను. మాట చెవికి చేరనప్పుడు దానికి వేరొక ద్వారము వెదకవలెనను పాఠమును అతడు ఈ విధముగా నేర్చుకొనెను.

తండ్రి మెల్విల్ బెల్ కనిపెట్టిన పద్ధతి ఒకటి కలదు. దానికి దృశ్యవాక్కు అని పేరు పెట్టవచ్చును. ఒక్కొక్క ధ్వనిని పలుకునప్పుడు నాలుక ఎక్కడ నుండునో, పెదవులు ఎట్లు కదలునో, కంఠము ఎట్లు పనిచేయునో తెలుపు గుర్తులను అతడు కల్పించి, 1867 లో వానిని గ్రంథరూపమున ప్రకటించెను. ఏ భాషలోని ధ్వనినైనను ఈ గుర్తులతో వ్రాయవచ్చును. సభలయందు అతడు కుమారులను వెలుపలికి పంపి, ప్రేక్షకులు చేసిన వింతధ్వనులను గుర్తులలో వ్రాయుచుండెను. తరువాత లోనికి వచ్చిన కుమారులు వానిని చూచి, తాము వినని ఆ ధ్వనులను యథాతథముగా పలికి సభవారిని ఆశ్చర్యపరచుచుండిరి. వినకయే పలుకుటకు వీలుండెనేని, వినలేనివారికి ఈ మార్గము ఏల పనికిరాదు? ఈ తలంపుతో బెల్ 1868 లో లండనునందలి ఒక చిన్న పాఠశాలలో వినలేని బాలికలకు ఆ గుర్తులతో పాఠములు చెప్పుట కారంభించెను. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరములు.

ఇంతలో ఆ కుటుంబమున ఘోరవిపత్తు సంభవించెను. బెల్ తమ్ముడు 1867 లోను, అన్న 1870 లోను క్షయవ్యాధిచే మరణించిరి. మిగిలిన యొక్క కుమారునైనను దక్కించుకొనవలెనని తలిదండ్రులు 1870 లో అతనితో సముద్రము దాటి కెనడా దేశమునకు చేరి, బ్రాంట్‌ఫర్డు పట్టణ సమీపమున నివాస మేర్పరచుకొనిరి. అచ్చటి గాలికి బెల్ కోలుకొనెను. మరుసటి యేట బోస్టను నగరములోని బధిర పాఠశాలకు బోధకుడై వెళ్లెను. ఆ పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని సారా ఫుల్లర్. 1873 లో బెల్ బోస్టను విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిని పొందెను.

బోస్టనులో అతనికి పరిచయమైన రెండు కుటుంబములు అతని జీవితమును మార్చివేసినవి. ఆ రెండిండ్లలోను మాట వినలేని బిడ్డ యుండెను.

మొదటిది హబ్బర్డు వారి కుటుంబము. వారి కుమార్తె మేబెల్ తన యైదవ యేట, 1863 లో, స్కార్లెటు జ్వరమునకు గురియై వినికిడిని పూర్తిగా కోల్పోయెను. అప్పటికి ఆమె చక్కగా మాటలాడుచుండెను. వినని బిడ్డకు ఉన్న మాటయు క్రమముగా మరపు వచ్చును. తన గొంతు తనకు వినబడక, ఇతరుల గొంతును వినబడక, నేర్చిన పలుకులు ఒక్కటొక్కటిగా జారిపోవును. మసాచుసెట్సు రాష్ట్రమున అప్పటికి బధిరులకు పాఠశాలయే లేదు. ఆ భారము తల్లి గెర్‌ట్రూడ్ తనపై వేసుకొనెను. ఆమె కుమార్తెకు ఎదురుగా కూర్చుండి, తన ముఖము స్పష్టముగా కనబడునట్లు నిదానముగా మాటలాడుచుండెను. తల్లి పెదవుల కదలికను చూచి మాటను గ్రహించుట బాలికకు అలవాటయ్యెను. ఏదేని కావలసినప్పుడు వ్రేలితో చూపిన చాలదు, నోటితో అడుగవలెనని నియమ మేర్పరచెను. కథలు చదివి చెప్పెను, చదువుటయు నేర్పించెను. ఒకనాడు రెండునాళ్లు కాదు, ఏండ్ల తరబడి ఈ తపస్సు సాగెను. తరువాత మేరీ ట్రూ అను యువతి ఆ యింట ఉపాధ్యాయినిగా చేరి తల్లికి తోడ్పడెను. మేబెల్ మాట నిలిచినది. తొమ్మిదేండ్ల వయస్సున ఆమె రాష్ట్ర శాసనసభ్యుల సంఘము ఎదుట నిలిచి, వారి పెదవులను చూచి ప్రశ్నలకు సమాధానములు చెప్పెను. తండ్రి గార్డినర్ హబ్బర్డు చేసిన కృషి ఫలించి 1867 లో నార్తాంప్టను పట్టణమున క్లార్క్ పాఠశాల వెలసెను. ఒక తల్లి తన బిడ్డకై చేసిన సాధన ఇతరుల బిడ్డలకును దారి చూపినది.

రెండవది శాండర్సు వారి కుటుంబము. వారి కుమారుడైన జార్జి పుట్టుకతోడనే బధిరుడు. మేబెల్ వలె కోల్పోయినవాడు కాడు. మాట యనునది యొకటి కలదని కూడ ఎరుగనివాడు. 1872 లో అయిదేండ్ల జార్జికి బెల్ గురువయ్యెను. 1873 లో సేలం పట్టణమున జార్జి నాయనమ్మ తన యింట బెల్‌కు వసతి యిచ్చెను. పగలు బోస్టనులో పాఠములు చెప్పి, సాయంకాలము రైలులో తిరిగివచ్చి, అతడు ఆ బాలునితో కాలము గడపుచుండెను.

బెల్ ఆ పిల్లవానికి మొదటనే ఉచ్చారణ నేర్పలేదు. వాని ఆటబొమ్మలకు వాని పేర్లు వ్రాసిన చీటీలు అంటించెను. కావలసిన బొమ్మను పొందుటకు జార్జి ఆ పేరుగల చీటీని వెదకి తేవలెను. ఆటలో ఆటగా అక్షరములును వస్తువులును వాని మనస్సునందు ముడివడినవి. పిదప బెల్ ఒక చేతితొడుగుమీద అక్షరములన్నియు వ్రాసి దానిని జార్జికి తొడిగెను. ఒక్కొక్క అక్షరముపై వ్రేలు మోపుచు గురుశిష్యులు పదములు కూర్చుకొనుచుండిరి. షికారు పోవునప్పుడును, క్రొత్త వస్తువు కంటబడినప్పుడును ఆ చేయియే వారికి పలక. ముందు బిడ్డ మనస్సులో భాష మొలకెత్తవలెను, నోటిమాట దాని తరువాతిది. బెల్ ఆచరణ ఈ సూత్రమును చాటుచున్నది.

జార్జి నిద్రించిన తరువాత ఆ యింటనే బెల్ రాత్రులయందు విద్యుత్తుతో పరిశోధనలు చేయుచుండెను. ఆ పరిశోధనలకును బాలుర చదువునకును దగ్గర సంబంధము కలదు. ధ్వని ఆకారమును కంటికి చూపగలిగినచో, వినలేని బిడ్డ తన పలుకును గురువు పలుకుతో పోల్చుకొని దిద్దుకొనగలడని అతని ఆశ. ఇందులకై 1874 లో ఒక వైద్యుడు ఇచ్చిన మృతుని చెవిని అమర్చి, దాని యెముకకు ఒక గడ్డిపుల్లను తగిలించి ఒక పరికరమును సిద్ధపరచెను. చెవిలో మాటలాడినప్పుడు లోనున్న పొర కదలి, పుల్ల మసిపూసిన గాజుపలకపై అలలవంటి గీతలు గీయుచుండెను. అంత పలుచని పొర యెముకలనే కదలింపగలిగినప్పుడు, దానికంటె పెద్దపొర యినుపముక్కను కదలింపలేదా? ఆ కదలికచే తీగలోని విద్యుత్ప్రవాహము మాటననుసరించి హెచ్చుతగ్గులు కాదా? టెలిఫోను బీజము ఈ యాలోచనయందు గలదు. 1876 మార్చి 7 వ తేదీన అతనికి పేటెంటు లభించెను. మూడు దినముల తరువాత ప్రక్కగదిలోని సహాయకుడు వాట్సను బెల్ పిలుపును తీగద్వారా విని పరుగెత్తి వచ్చెను. ఈ పరిశోధనలకు ధనసహాయ మొనర్చినవారు జార్జి తండ్రియు, మేబెల్ తండ్రియునే.

1877 జూలై 11 వ తేదీన బెల్ తన శిష్యురాలైన మేబెల్‌ను వివాహమాడెను. క్రొత్తగా నెలకొన్న టెలిఫోను సంస్థలో తన భాగములలో పదింటిని మాత్రము ఉంచుకొని, తక్కినవన్నియు వధువునకు కానుకగా నిచ్చెను. లోకమందలి దూరదూరపు జనులను మాటతో కలిపిన ఆ యంత్రము అతని తల్లికిగాని భార్యకుగాని మూగవస్తువే. ఈ సంగతి బెల్ ఎన్నడును మరువలేదు. 1880 లో ఫ్రాన్సు ప్రభుత్వము అతనికి వోల్టా బహుమానముగా ఏబదివేల ఫ్రాంకు లొసగెను. ఆ ధనముతో నెలకొల్పిన ప్రయోగశాలవలన వచ్చిన లాభమును వినియోగించి, 1887 లో వాషింగ్టను నగరమున బధిరుల విషయమై విజ్ఞానమును సేకరించి పంచు వోల్టా కార్యాలయమును స్థాపించెను.

1886 లో ఒక తండ్రి ఆరేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని బెల్ వద్దకు వచ్చెను. ఆ బాలికయే హెలెన్ కెల్లర్. పందొమ్మిది నెలల ప్రాయమున వ్యాధివలన ఆమె చూపును వినికిడిని కూడ కోల్పోయెను. బెల్ ఆమెను ఒడిలో కూర్చుండబెట్టుకొని, బోస్టనులోని పెర్కిన్సు అంధ పాఠశాలకు వ్రాయుమని తండ్రికి సలహా యొసగెను. తత్ఫలితముగా 1887 మార్చి 3 వ తేదీన ఆనీ సలివన్ అను ఉపాధ్యాయిని ఆ బాలిక యింటికి వచ్చి చేరెను. ఆమె అరచేతిలో అక్షరములు వ్రేళ్లతో గుర్తించుచు హెలెనునకు భాష నేర్పెను. 1890 లో సారా ఫుల్లర్ ఆమెకు నోటిమాట నేర్పుట కారంభించెను. ఆ సాధనను ఆనీ సలివన్ సంవత్సరముల తరబడి కొనసాగించెను. హెలెన్ తన స్వీయచరిత్రను 1903 లో బెల్‌కే అంకితమిచ్చెను.

అయితే మహనీయుల యభిప్రాయములన్నియు సత్యములని చెప్పరాదు. చేతుల కదలికలతో భావము తెలుపు సంజ్ఞాభాష వినలేనివారిని తక్కిన లోకమునుండి వేరుపరచునని బెల్ తలంచెను. వ్రేళ్ల అక్షరములను అతడు అంగీకరించెను గాని, సంజ్ఞాభాషను పాఠశాలలనుండి తొలగింపవలెనని వాదించెను. బధిరులు బధిరులను వివాహమాడుటయు మంచిది కాదని 1883 లో ప్రకటించెను. అతనిని ఎదిరించినవాడు వాషింగ్టనులోని బధిర కళాశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ గాలొడెట్. అతని తల్లియు వినలేనిదే. ఆమె సంజ్ఞలతోనే కుమారుని పెంచినది. ఇరువురును బధిరులైన తల్లుల బిడ్డలే, ఇరువురును వినలేనివారి మేలు కోరినవారే. అయినను వారి మార్గములు వేరైనవి. 1880 లో మిలాను నగరమున సమావేశమైన బధిర విద్యాబోధకులు సంజ్ఞలకంటె నోటిమాటయే మేలని తీర్మానించిరి. ఆ తీర్మానము తరువాత అనేక పాఠశాలలలో బాలురకు తమకు సహజమైన భాష నిషిద్ధమయ్యెను. మేబెల్ వలె అయిదేండ్లు మాట విని పెరిగినవారు వేరు, జార్జి వలె పుట్టుకతోనే విననివారు వేరు. అందరు బిడ్డలును పెదవులను చూచి మాట గ్రహింపలేరు. 2010 లో కెనడాలోని వాంకోవరు నగరమున జరిగిన బధిర విద్యా మహాసభ ఆ తీర్మానమునకు విచారము వెలిబుచ్చినది. సంజ్ఞాభాష తనదైన వ్యాకరణముగల సంపూర్ణభాషయని నేడు శాస్త్రజ్ఞులు గుర్తించినారు.

బెల్ 1922 ఆగస్టు 2 వ తేదీన కెనడాలోని తన గృహమున కన్నుమూసెను. అంత్యక్రియల సమయమున ఉత్తర అమెరికాయందలి టెలిఫోనులన్నియు ఒక నిమిషకాలము మౌనము వహించినవి. మరుసటి సంవత్సరము జనవరిలో మేబెల్ కూడ మరణించెను.

బెల్ వాదములు వాదములుగనే యుండుగాక. అతని చేతులు చేసిన పని మాత్రము మరువరానిది. తల్లి నుదుటియొద్ద పలికిన మెల్లని మాట, బొమ్మకు అంటించిన చీటీ, అక్షరములు వ్రాసిన చేతితొడుగు - ఇవి గొప్ప యంత్రములు కావు. ప్రేమగల యే యింటనైనను సిద్ధము కాదగినవే. మాట రాని బిడ్డను చూచి నవ్వువారును, జాలిపడి తొలగిపోవువారును లోకమున కొల్లలు. అట్టి బిడ్డకు పరీక్ష చేయించి, వైద్యుని సలహా గైకొని, చెవి మూసియున్నచో కంటితోను, నోరు పలుకకున్నచో చేతితోను భాషను అందించి, దినదినము ఎదుట కూర్చుండువారే నిజమైన ఆప్తులు. ఇంటిలోని అన్నయు అక్కయు తమ్ముడును ఆ బిడ్డకు గురువులు కాదగుదురు. నలుగురు నవ్వు వేళ ఆ బిడ్డకును నవ్వునకు కారణము తెలియజేయుటతో ఆ చదువు ప్రారంభమగును.