బైరుహా తోట యజమాని

మదీనా అన్సారులలో అందరికంటే ఎక్కువ ఖర్జూరపు చెట్లున్న వారు హజ్రత్ అబూ తల్హా (రజి). హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) ఆయనతో నికాహ్‌కు వెండి బంగారాలు కోరలేదు. ఆయన ఇస్లాం స్వీకరించడమే తన మహర్ అన్నారు. ఆ సంసారం అలా మొదలైంది.

ఒక రాత్రి ఆయన దైవప్రవక్త (స) అతిథిని ఇంటికి తీసుకొచ్చారు. ఉన్నది పిల్లలకు సరిపడా భోజనమే. దంపతులు పిల్లలను నిద్రపుచ్చి, దీపం ఆర్పి, తామూ తింటున్నట్లు నటించి అతిథి కడుపు నింపారు.

మస్జిదె నబవీ ఎదుటనున్న బైరుహా తోట ఆయనకు ప్రాణప్రదం. ప్రవక్త (స) అందులోకి వెళ్ళి తీయని నీరు త్రాగేవారు. ప్రియమైనది ఖర్చు చేయనిదే పుణ్యం దక్కదని ఆలి ఇమ్రాన్ సూరా 92వ ఆయత్ అవతరించగానే, ఆయన ఆ తోటను అల్లాహ్ కోసం ఇచ్చేశారు. ప్రవక్త (స) సంతోషించి, దాన్ని దగ్గరి బంధువులకు పంచమన్నారు. ఉబై బిన్ కాబ్, హస్సాన్ బిన్ సాబిత్ (రజి)లకు భాగం దక్కింది.

సోదరులారా! మస్జిదుకు చందా ఇస్తూనే, పొలం గట్టు తగాదాతో సొంత అన్నదమ్ములకు సలాం మానేసిన వారు మనలో లేరా? ఆ తోట ముందుగా చేరింది బంధువుల ఇళ్ళకే. అల్లాహ్ మనకు అలాంటి హృదయం ప్రసాదించుగాక! ఆమీన్.