ఒంగోలు క్లౌ దొరగారు

ధనార్జనమును దైవభక్తియు ఒక ఒరలో నిముడని రెండు కత్తులని కొందఱందురు. భక్తి గలవాని యింటికి సిరి తనంత తానే నడచివచ్చునని మఱికొందఱందురు. ఈ రెండు మాటలును సరిగావని ఒంగోలు క్లౌ దొరగారి జీవితము మనకు దెలుపుచున్నది. అన్నోజిగూడలో మనయొద్ద చదువుకొను బాలబాలికలకొఱకు ఆ చరిత్రము నిచ్చట సంగ్రహముగా జెప్పుచున్నాము.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించిరి. యౌవనమున మిన్నెసోటాలో భూములు కొలుచు సర్వేపని నేర్చిరి. ఆ విద్య యొకనాడు తెలుగుదేశమున బీదల ప్రాణములను నిలుపునని అప్పుడెవ్వ రెఱుగుదురు? పిమ్మట కళాశాలలో జదివి, క్రీస్తుసేవకు దమ్మును సమర్పించుకొని, 1864లో ఓడయెక్కి మఱుసటి యేట నెల్లూరు చేరిరి. 1866లో ఒంగోలునకు వచ్చిరి. 1867 జనవరి 1వ తేదీన అచ్చట ఎనమండ్రతో సంఘ మేర్పడెను. తోళ్ల వర్తకుడైన యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు తన మాదిగ బంధువర్గములో ఊరూర సువార్త జెప్పుటచే ఆ సంఘము శీఘ్రముగా పెరిగెను.

ఇంతలో 1876లో వానలు తప్పెను. అదియే పెద్దలు చెప్పుకొను ధాత కరవు. పశువులు మడిసెను, గింజ దొరకుట గగనమయ్యెను, అన్నము లేక అసంఖ్యాకులు మరణించిరి. అప్పుడు దొరతనమువారు బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండిరి. క్లౌ దొరగారు ధర్మము చేయుటతోనే తృప్తి నొందక, ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పనిని తామే గుత్తకు దీసికొనిరి. చిన్ననాడు నేర్చిన కొలతవిద్య యిచ్చట నక్కఱకు వచ్చెను. బోధకులే మేస్త్రీలైరి. ఇతరచోట్ల పనివిచారణకర్తలచే తిట్లు దినుచుండిన మాదిగలు ఇచ్చట నిర్భయముగా మన్ను త్రవ్వి, చెమటయోడ్చి, తమ కూలి తాము పుచ్చుకొనిరి. ఆ కూలి వారిని ధనవంతులను చేయలేదు. కాని అది బిచ్చము గాదు, కష్టార్జితము. దానితో ఎన్నో కుటుంబములు బ్రతికి బయటపడెను.

పనివారు సాయంకాలము విశ్రమించునప్పుడు బోధకులు వారితో దేవుని గూర్చి మాటలాడుచుండిరి. అనేకులు బాప్తిస్మము గోరిరి. ఇచ్చటనే దొరగారి యసలు పరీక్ష. సంఘమును పెంచుకొనుటకు అంతకంటె సులువైన సమయము లేదు. అయినను అన్నమునకై మతమున జేరిరను నింద వారికి రాగూడదనియు, వారి విశ్వాసము కూలికి ముడిపడగూడదనియు దలచి, దొరగారు సుమారు పదునైదు నెలలు ఎవ్వరికిని బాప్తిస్మ మీయరైరి. 1878లో కరవుసాయము ముగియుచుండగా, ఇక తమయొద్ద నీయదగిన ధనము లేదని స్పష్టముగా జెప్పించిరి. జనులు మాత్రము వెనుదిరుగలేదు. తాము సాయమునకు రాలేదనియు, విశ్వాసముచేతనే వచ్చితిమనియు పట్టుపట్టిరి. ఆ యేడు జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆఱుగురు బోధకులు ఇద్దఱిద్దఱు చొప్పున వంతులవారిగా నీట నిలిచి ఆ కార్యమును నెఱవేర్చిరి.

తరువాత పల్లెలలో బడులు వెలసెను. తండ్రి పార పట్టిన యింట కొడుకు పలక పట్టెను. దొరగారు 1910 నవంబరు 24వ తేదీన రోచెస్టరు పట్టణమున పరమపదించిరి.

ప్రియమైన విద్యార్థులారా, మీ తలిదండ్రులు రెక్కలు ముక్కలు చేసికొని మీ జీతము కట్టుచున్నారు. ఆ రూకలకంటె పవిత్రమైన ధనము లేదు. సిరి కావలెనన్న కష్టపడుడు; ఆ కష్టమున సిగ్గుపడకుడు. దేవుని ప్రార్థింపుడు, కాని ప్రార్థనను బేరముగా జేయకుడు. కూలికి కష్టము వెల. విశ్వాసమునకు వెల లేదు. క్లౌ దొరగారి జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.