పీటర్ డిబై

1884లో హాలెండునందలి మాస్ట్రిక్టులో జన్మించిన పీటర్ డిబై, కొన్ని అణువులందు ధన, ఋణ విద్యుత్తులు ఎడముగా నుండునని 1912లో తెలిపెను. అయస్కాంతక్షేత్రమును తొలగించి పదార్థమును అతిశీతలము చేయు ఉపాయమును 1926లో సూచించెను. 1936లో నోబెల్ బహుమానమందెను.

1938లో జర్మన్ భౌతికశాస్త్ర సంఘాధ్యక్షుడుగా, యూదు సభ్యులను వైదొలగుమను లేఖపై చేవ్రాలు చేసెను. ఆ యేటనే యూదు వంశజయైన లీజా మైట్నరు దేశము దాటుటకు తోడ్పడెను. రెండవది మొదటిదానిని చెరిపివేయదు. 1940లో అమెరికా చేరి, 1966లో గతించెను.

సోడియము, సీజియము కలిసిన ధ్రువాణువులను పరమశూన్యమునకు డిగ్రీలో కోటియవ వంతుకన్న చేరువకు దింపగా, అవి ఏకస్థితి నందెనని కొలంబియా విశ్వవిద్యాలయమువారు 2024లో ప్రకటించిరి. అంతటి చలిలో వేడిమి మారకున్నను, అణువుల ఆకర్షణ వికర్షణలను మార్చి పదార్థస్థితిని మార్చవచ్చును. ఆ ధ్రువత్వమును కొలుచు మానము పేరే డిబై: నీటి అణువునకు 1.85, ఈ అణువునకు సుమారు 4.7.