భట్నాగర్ పుచ్చుకోని సొమ్ము

శాంతిస్వరూప్ భట్నాగర్ 1894లో పుట్టారు. ఎనిమిది నెలలకే తండ్రి పోతే తాతగారింట పెరిగారు. ఉర్దూలో కవిత్వం కూడా రాసేవారండోయ్! 1924 నుంచి లాహోరు యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు.

1930లలో రావల్పిండి దగ్గర నూనె బావులు తవ్వే కంపెనీకి చిక్కొచ్చింది. ఉప్పునీరు తగిలి డ్రిల్లింగు బురద గట్టిపడిపోతోంది. అందులో చెట్టు జిగురు కలపమన్నారు భట్నాగర్ గారు. బురద పలచబడింది, పని సాగింది. కంపెనీవారు సంతోషించి పరిశోధనలకు లక్షా యాభై వేలు ఇస్తామన్నారు. ఆ కాలపు లక్షన్నర! ఆయన తన చేతికి తీసుకోలేదు, యూనివర్సిటీకి ఇప్పించారు. దాంతో పెట్రోలియం పరిశోధన విభాగం వెలిసింది, విద్యార్థులకు స్కాలర్‌షిప్పులొచ్చాయి. కిరోసిను మంట పెంచడమెలా, మైనం వాసన పోగొట్టడమెలా అన్నవే వాళ్ళ పరిశోధనాంశాలు.

1942లో ఏర్పడిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి తొలి డైరెక్టరు ఆయనే. 1955 జనవరి 1న కన్నుమూశారు.