గాజు పలకల మీద బొమ్మలు: రాజా దీన్‌దయాళ్ గారి జీవితం

మన గోడపత్రికలో ఎప్పుడూ గాంధీగారు, అల్లూరి సీతారామరాజుగారు, కొమురం భీం గారి జీవిత చరిత్రలే వస్తుంటాయి. ఈసారి నేను ఒక ఫోటోగ్రాఫర్ గురించి రాస్తున్నాను. ఫోటోలు తీసేవాళ్ళకు కూడా జీవిత చరిత్ర ఉంటుందా అని కొందరు నవ్వుతారేమో. ఉంటుంది, చదవండి. ఈయన పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన అయినా పేరు వచ్చింది మన హైదరాబాదులోనే.

దీన్‌దయాళ్ గారు 1844లో మీరట్ దగ్గర సర్ధనా అనే ఊళ్ళో పుట్టారు. వాళ్ళది నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. రూర్కీలో థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, 1866లో ఇండోరులో పబ్లిక్ వర్క్స్ ఆఫీసులో చేరారు. కట్టడాలకు ఖర్చు లెక్క వేయడం, ప్లాన్లు గీయడం ఆయన పని. నెల జీతం వచ్చే సర్కారు ఉద్యోగం. ముప్పై ఏళ్ళ వయసులో, అంటే 1874లో, కెమెరా పట్టుకున్నారు. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు, సర్ హెన్రీ డేలీ అనే ఇంగ్లీషు అధికారి ఆయన్ని ప్రోత్సహించారు. మరుసటి సంవత్సరమే ఇంగ్లండు యువరాజు మన దేశం వస్తే ఆ పర్యటన ఫోటోలు తీశారు.

ఇప్పుడు ఫోన్లో బటన్ నొక్కితే ఫోటో వచ్చేస్తుంది. అప్పుడు అట్లా కాదు. ఆ రోజుల్లో ఫోటో తీయడం అంటే సగం వంట, సగం రసాయన శాస్త్రం. ముందు ఒక గాజు పలకను మచ్చ లేకుండా తుడవాలి. దాని మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, పలకను అటూ ఇటూ వంచి అంతటా సమంగా పారించాలి. తర్వాత చీకట్లో సిల్వర్ నైట్రేట్ నీళ్ళలో ముంచాలి. వెండి లవణాలకు వెలుతురు తగిలితే నల్లబడతాయని మనం సైన్సులో చదివాం గదా, అదే ఇక్కడ పని చేస్తుంది. ఆ పలకను తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి, తడి ఆరకముందే కడగాలి కూడా. పది పదిహేను నిమిషాలు దాటితే పలక పనికిరాదు. అందుకే అడవిలో గుడి ఫోటో తీయాలన్నా పక్కనే నల్లగుడ్డ డేరా వేయాల్సిందే. ఎండాకాలం ఆ డేరాలో మందుల వాసన మధ్య నిలబడటం ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

కడిగాక గాజు మీద అంతా తలకిందులు. తెల్ల తలపాగా నల్లగా, నల్ల గడ్డం తెల్లగా కనబడుతుంది. దాన్ని కాగితానికి ఆనించి ఎండలో పెడితే అప్పుడు అసలు బొమ్మ దిగుతుంది. ఆ కాగితానికి పూసేది ఏమిటో తెలుసా? కోడిగుడ్డు తెల్లసొన! మన హాస్టల్లో గుడ్డు పెట్టే రోజు నాకు ఇదే గుర్తొస్తుంది. గాజు ఎంత ఉంటే ఫోటో అంతే వస్తుంది కాబట్టి పెద్ద ఫోటో కావాలంటే పెద్ద గాజు, పెద్ద కెమెరా ఉండాలి. పగిలిపోయే గాజుల పెట్టెలన్నీ ఎవరో ఒకరు మోయాలి. మోసినవాళ్ళ పేర్లు నేను చదివిన పుస్తకంలో లేవు.

1882, 83లలో సర్ లెపెల్ గ్రిఫిన్ అనే అధికారితో కలిసి దీన్‌దయాళ్ గారు బుందేల్‌ఖండ్ అంతా తిరిగారు. గ్వాలియరు కోట, ఖజురాహో గుళ్ళు, సాంచీ స్థూపం ఫోటోలు 1886లో పుస్తకంగా వచ్చాయి. ఆ ఫోటోల్లో స్తంభాలు ఎక్కడా వంగినట్టు ఉండవు. ప్లాన్లు గీసిన చెయ్యి గదా, అది ఊరికే పోలేదని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత ఆయన సర్కారు ఉద్యోగం వదిలేశారు. మన ఇళ్ళల్లో ఎవరైనా అట్లా వదిలేస్తే ఊరంతా తిడుతుంది. కాని ఆయనకు పని దొరికింది. 1885లో వైస్రాయి ఫోటోగ్రాఫర్‌గా నియమించారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తన ఆస్థానంలోకి తీసుకున్నారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. నిజాం గారు పులిని కొడితే ఫోటో, దొరలు విందుకు వస్తే ఫోటో, సైన్యం కవాతు చేస్తే ఫోటో. అప్పటికి పొడి గాజు పలకలు వచ్చాయి, ముందే తయారై దుకాణంలో దొరికేవి, డేరా బాధ తప్పింది. నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే బొమ్మలు వేసేవాడు.

నాకు బాగా నచ్చింది 1892 సంగతి. పరదాలో ఉండే ఆడవాళ్ళు మగవాళ్ళ ఎదుటికి రారు, మరి ఫోటో ఎట్లా? దీన్‌దయాళ్ గారు హైదరాబాదులో వాళ్ళ కోసమే వేరే స్టూడియో పెట్టించారు. చుట్టూ చాలా ఎత్తు గోడలు. లోపల పని చూసేది ఒక ఇంగ్లీషు ఆవిడ, కెన్నీ లెవిక్ గారు. వంద ఏళ్ళ పైమాటే, ఒక ఆడమనిషి స్టూడియో నడిపింది! అయితే అక్కడికి వెళ్ళింది గొప్పింటి ఆడవాళ్ళే. మా అవ్వ చిన్నప్పటి ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆమె నవ్వు ఎట్లా ఉండేదో మా అమ్మకు తెలుసు గాని నాకు తెలియదు.

ఇంకో ఫోటో గురించి చెప్పాలి. 1899, 1900లలో పెద్ద కరువు వచ్చింది. అప్పుడు ఔరంగాబాదు నిజాం రాజ్యంలో ఉండేది. అక్కడ కరువు సాయం పంచేటప్పుడు తీసిన ఫోటోలో ఎముకలు తేలిన మనుషులు గుంపుగా ఉన్నారు. నిజాం ఫోటో కింద బిరుదులతో సహా పేరు ఉంటుంది. దీని కింద ఊరు, సంవత్సరం, కరువు అని ఉంది, అంతే. ఒక్క మనిషి పేరూ లేదు. ఆ కాలంలో ఇంగ్లీషువాళ్ళు కూడా 1868 నుంచి 1875 దాకా మన దేశం మనుషుల ఫోటోలతో 8 పెద్ద పుస్తకాలు వేశారు. వాటిలో చాలామందికి తెగ పేరు, కులం పేరే తప్ప వాళ్ళ సొంత పేరు రాయలేదు. దీన్‌దయాళ్ గారు జీతం తీసుకుని పని చేసినవారు, ప్రభుత్వం చేసిన సాయం చూపించడానికే ఆ ఫోటోలు తీయించారు. అది ఒప్పుకుంటాను. కాని అంత కష్టపడి గాజు కడిగిన మనిషి, పక్కన ఒక పేరు రాసి ఉంటే ఎంత బాగుండేది. అయినా ఆ ఎముకల్ని ఆయన కెమెరా దాచలేదు. అందుకే ఇప్పుడు మనం వాళ్ళను చూడగలుగుతున్నాం.

1896లో బొంబాయిలో కూడా స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి తన ఫోటోగ్రాఫర్‌గా గుర్తించింది. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ తండ్రితోనే పని చేశారు. 1903 ఢిల్లీ దర్బారు ఫోటోలు కూడా తీశారు. 1904లో ధరమ్‌చంద్ చనిపోయాడు. మరుసటి ఏడు, 1905 జూలైలో, తండ్రీ పోయారు.

ఆయన గాజు పలకలు చాలా పోయినా, 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొనుక్కుని దాచింది. 2006లో పోస్టలు శాఖ ఆయన పేరు మీద తపాలా బిళ్ళ వేసింది. ఊళ్ళకు ఉత్తరాలు రాసేవాళ్ళు పాత కవర్లు పారేసే ముందు ఒకసారి చూడండి. దొరికితే నాకు ఇవ్వండి, ఈ కాగితం పక్కన అంటిస్తాను.

9వ తరగతి విద్యార్థిని