మూడుసార్లు తలుపు తట్టిన రాత్రి

వేలూరు సీఎంసీ ఆసుపత్రికి మన సంఘాల నుండి ఎందరో వెళ్తుంటారు. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ మొదట మిషనరీ కావాలనుకోలేదు. రాణిపేటలో పుట్టి అమెరికాలో చదివిన ఆమె, జబ్బుపడిన తల్లికి కొంతకాలం తోడుగా ఉండి వెళ్దామని తిండివనం వచ్చారు.

ఒక రాత్రి ముగ్గురు పురుషులు వేర్వేరుగా తలుపు తట్టారు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. ఆమె తండ్రి వైద్యుడే; కానీ పరపురుషుడు రాకూడదన్నారు. ఆమెకేమో వైద్యం రాదు. తెల్లారేసరికి ఆ స్త్రీలు ముగ్గురూ మరణించారు. ప్రార్థనలో పెనుగులాడి ఆమె ప్రభువు పిలుపుకు లోబడ్డారు. 1899లో కార్నెల్‌లో వైద్య పట్టా పొంది, 1900లో వేలూరులో ఒకే పడకతో పరిచర్య ఆరంభించారు. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరిచారు.

సేవకై విదేశాలు వెళ్లివచ్చే యౌవనులకు మేము చెప్పేదొకటే. అక్కడ చేయలేకపోయిన పనిని మరచిపోకండి. దాన్ని ప్రార్థనలో పెట్టండి. ప్రభువు అక్కడి నుండే పిలవవచ్చు.